గ్యాస్ అయిపోలేదు, ఎక్కడికో పోయింది

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)

 

నిన్నటి నుంచి ఈ మైకు ముందు డాక్టర్లు మాట్లాడారు, ఇంజినీర్లు మాట్లాడారు, అమెరికా నుంచి వచ్చిన అన్నయ్యగారు మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసి "నువ్వు కూడా ఓ ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అంటే, "నేనేం మాట్లాడతానండీ, నాకు తెలిసింది కార్ల ఏసీలొక్కటే" అన్నాను. "అదే మాట్లాడు. మే నెలలో సభ పెట్టుకున్నాం, అందరికీ పనికొచ్చే సబ్జెక్టు నీదే" అన్నారు. ఆయన మాట నిజమే. ఇందాక టిఫిన్ల దగ్గర ఇడ్లీ ప్లేటు చేతిలో పట్టుకునే ఏడుగురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: "ఒరేయ్, నా కారు ఏసీ వేడిగాలి కొడుతోంది. గ్యాస్ అయిపోయిందంటావా?"

ఏడుగురికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను. గ్యాస్ అయిపోదండీ. పెట్రోలు అయిపోతుంది, ఎందుకంటే ఇంజను దాన్ని కాల్చేస్తుంది. వంటింట్లో సిలిండరు అయిపోతుంది, పొయ్యి మీద మండిపోతుంది కాబట్టి. ఏసీలో గ్యాసును ఎవరూ కాల్చరు, తాగరు. మూసిన గొట్టాల్లో అది అలా తిరుగుతూనే ఉంటుంది. రబ్బరు గొట్టాల గుండా ఏళ్లూ పూళ్లూ గడిచేసరికి కొంచెం చెమరుస్తుందనేది నిజం. ఏడెనిమిదేళ్ల బండిలో కాస్త తగ్గిందంటే ఒప్పుకుంటాను. కానీ పోయిన వేసవిలో నింపిన గ్యాసు ఈ వేసవికి లేదంటే అది అయిపోలేదు, ఎక్కడో కన్నం పడింది. కన్నం వెతక్కుండా మళ్లీ నింపడమంటే చిల్లు బిందెలో నీళ్లు పోసినట్టే.

కొత్తదేం కాదు, ఇదంతా మనం ఈ బళ్లోనే చదువుకున్నాం. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాష్టారు అందరి అరచేతుల్లో తలో చుక్క స్పిరిట్ వేసి ఊదమన్నారు. చేయి చల్లబడింది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు పక్కనున్న వేడిని లాక్కుపోతుందనీ, ఆ వేడి పేరు గుప్తోష్ణమనీ బోర్డు మీద రాశారు. మట్టికుండలో నీళ్లు చల్లగా ఉండేది కూడా అందుకేగా. నేను పదో తరగతి అయ్యాక విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ షెడ్డుకు పనికి వెళ్లినప్పుడు, మేస్త్రీ చెప్పిన దాంట్లో సగం నాకు వెంటనే తలకెక్కింది ఆ స్పిరిట్ చుక్క పుణ్యమే.

కారులో ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. కావిడి మోసేవాడిలాగా లోపలి వేడిని ఎత్తుకెళ్లి బయట పారబోసి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. ఆ కావిడి మోసేది గ్యాసు. ఇప్పుడు మన కార్లలో ఎక్కువగా ఉండేది ఆర్-134ఏ. మామూలు గాలి ఒత్తిడి దగ్గర అది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. డాష్‌బోర్డు వెనకాల ఉండే కూలింగ్ కాయిల్లో ఇది ద్రవం నుంచి ఆవిరవుతూ, బ్లోయరు తోసే గాలిలోంచి వేడి లాక్కుంటుంది. ఆ ఆవిరిని ఇంజను పక్కనున్న కంప్రెసర్ పీల్చుకుని గట్టిగా నొక్కుతుంది. నొక్కేసరికి అది కాగిపోతుంది. కాగిన గ్యాసు బండి మూతి దగ్గర, రేడియేటరుకు ముందుండే కండెన్సర్లోకి వెళ్లి, అక్కడ వేడంతా బయటి గాలికి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. డ్రయ్యరులో తేమ, నలక వడకట్టుకుని, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్న రంధ్రంలోంచి చిమ్ముకుంటూ మళ్లీ కాయిల్లోకి. అంతే.

ఇది అర్థమైతే, వేడిగాలి రావడానికి గ్యాసు తక్కువ కావడం ఒక్కటే కారణం కాదని మీకే తెలుస్తుంది. కావిడి మోసేవాడు తగ్గినా పని ఆగుతుంది. వాడున్నా పారబోసే చోటు పూడుకుపోయినా ఆగుతుంది. అసలు వాడిని లేపేవాడే లేకపోయినా ఆగుతుంది. అన్నీ సరిగ్గానే ఉండి, చల్లబడిన గాలిలో ఎవరో వేడినీళ్లు కలుపుతున్నా అంతే.

వేడినీళ్లంటే ఉట్టి మాట కాదు. మనకు ఎప్పుడూ అవసరం పడదు కాబట్టి మర్చిపోతాం కానీ దాదాపు ప్రతి కారులోనూ హీటరు ఉంటుంది. ఇంజను చుట్టూ తిరిగే కాగిన నీళ్లే డాష్‌బోర్డు వెనకాల చిన్న రేడియేటరులోంచి పోతుంటాయి. గాలి దాని మీదుగా వెళ్లాలా వద్దా అన్నది ఒక రేకు తలుపు చూసుకుంటుంది. మీరు తిప్పే నీలం–ఎరుపు బుడిపె ఆ తలుపుదే. పోయిన ఏడు ఒకాయన గన్నవరం నుంచి చెమటలు కక్కుకుంటూ వచ్చారు. దార్లోనే ఒక చోట గ్యాస్ నింపించారట, అయినా వేడే. ఆయన మనవడు ముందు సీట్లో కూర్చుని ఆ బుడిపెను ఎరుపు వైపుకి తిప్పాడు. నేను నీలం వైపుకి తిప్పాను. డబ్బులు తీసుకోలేదు లెండి, ఆయనే సిగ్గుపడి కూల్‌డ్రింకులు తెప్పించారు. ఒక్కోసారి బుడిపె సరిగ్గానే ఉంటుంది, లోపల తలుపును తిప్పే చిన్న మోటారు చచ్చిపోతుంది. ఒకవైపు గాలి చల్లగా, రెండోవైపు వెచ్చగా వస్తుంటే ముందు ఆ మోటార్ని చూడండి. గ్యాసు తక్కువైనా కొన్ని బళ్లలో అలాగే చేస్తుంది కాబట్టి రెండూ చూడాలి.

బండి ఎప్పుడు చల్లగా ఉంటోంది, ఎప్పుడు వెచ్చబడుతోంది అనేది మీరు గమనించి చెబితే మెకానిక్‌కి సగం పని తప్పుతుంది. డాక్టరుకు జ్వరం ఏ వేళప్పుడు వస్తోందో చెప్పినట్టే. హైవే మీద ఎనభైలో వెళ్తుంటే చల్లగా ఉండి, బెంజిసర్కిల్ దగ్గర సిగ్నల్లో ఆగగానే వెచ్చబడుతోందనుకోండి. అది దాదాపుగా కండెన్సర్ ఫ్యాను గొడవే. పరుగులో గాలి దానంతటదే కండెన్సర్‌కి కొడుతుంది, ఆగినప్పుడు ఫ్యానే కొట్టాలి. ఫ్యాను తిరక్కపోతే ఆ వేడిని ఎక్కడ పారబోస్తాం? ఇలాంటి బండినే ఒకటి చూశాను, ముందు గుద్దుకుని డెంటింగు పనికి వెళ్లొచ్చింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది, కానీ వైర్లు తిరగేసి కలిపారు. లోపలికి లాగాల్సిన గాలిని బయటికి తోస్తోంది. చిన్న కాగితం ముక్క బండి మూతి దగ్గర పెడితే అది లోపలికి అంటుకోవాలి. ఎగిరిపోయిందంటే ఫ్యాను ఉల్టా.

గుంటూరు మిర్చి యార్డుకు తిరిగే బళ్లు, కోతల కాలంలో పొలాల పక్కన తిరిగే బళ్లు కండెన్సర్ నిండా దుమ్ము, పొట్టు, పురుగులు పట్టించుకుని వస్తాయి. మామూలు నీళ్ల పైపుతో నెమ్మదిగా కడిగితే పోతుంది. సర్వీసింగు వాళ్ల ప్రెషరు గన్ను దగ్గరగా పెట్టి కొడితే మాత్రం ఆ పల్చటి రేకులన్నీ పడుకుండిపోతాయి, ఇక గాలి దూరదు.

బయలుదేరిన అరగంట దాకా బాగుండి, తర్వాత వెచ్చబడి, కాసేపు ఆపుకుంటే మళ్లీ చల్లబడే రకం ఇంకొకటి. దీన్ని చూపించే చాలామందికి కంప్రెసర్ మార్చాలని చెప్పేస్తారు. కంప్రెసర్ ముందు భాగంలో మాగ్నెటిక్ క్లచ్ అని ఉంటుంది. మీరు ఏసీ స్విచ్ నొక్కగానే బానెట్ కింద 'టక్' మంటుందే, అదే. అయస్కాంతం పళ్లేన్ని పట్టుకుంటే కంప్రెసర్ తిరుగుతుంది. ఆ రెండింటి మధ్య సందు సుమారు అర మిల్లీమీటరే ఉండాలి. ఏళ్ల తరబడి రాసుకుని అరిగి సందు పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఎలాగో పట్టుకుంటుంది, వేడెక్కాక తీగచుట్ట బలం తగ్గి వదిలేస్తుంది. లోపల ఒక పల్చటి వాషరు, షిమ్ము అంటాం, అది తీసేస్తే సందు తగ్గిపోతుంది. అరగంట పని. అలా షిమ్ము తీసి పంపించిన ఒక బండి నాలుగేళ్లు అదే కంప్రెసర్ మీద తిరిగింది. అయితే ఇదే లక్షణం లోపల తేమ చేరినా కనిపిస్తుంది. నీటిచుక్క ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, ఆపితే కరుగుతుంది. ఆ రెండింటినీ విడదీసి చూడ్డానికే గేజీలు పెట్టేది.

ఎలుకల సంగతి ఎక్కువ చెప్పను. పల్లెల్లో రాత్రిపూట బండి ఎక్కడ పెడతారో మీకు తెలుసు. ఒక బండిలో బ్లోయరు నిండా వరిగడ్డి, రెండు పిల్లలు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మన బడిలో చదివిన ఒక తమ్ముడున్నాడు, పేరు చెప్పను, ఈ హాల్లోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు. సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుని, మన ఊరి నుంచీ, పక్క రెండు ఊళ్ల నుంచీ కిడ్నీ పాడైనవాళ్లను డయాలసిస్‌కి విజయవాడ తీసుకెళ్లి తెస్తుంటాడు. ముగ్గురు. వారానికి మూడు రోజులు. ఆ ముగ్గురిలో ఒకాయన మనందరికీ తెలుసు, మన బడిగంట ఏళ్ల తరబడి కొట్టిన చేతులాయనవి.

డయాలసిస్ వాళ్ల కష్టం ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. వాళ్లు ఇష్టమొచ్చినట్టు నీళ్లు తాగకూడదు. డాక్టరు రోజుకి ఇన్ని గ్లాసులని లెక్క కట్టి ఇస్తారు. ఒంట్లో చేరిన నీళ్లు బయటికి పోయే దారి లేదు కదా. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, నాలుగు గంటలు మంచం మీద పడుకుని లేచి, బీపీ పడిపోయి, కారెక్కి కూర్చున్న మనిషి నోరెండిపోతున్నా నీళ్లు తాగలేడు. చెమట పోస్తున్నా తాగలేడు. ఎండలో తలుపులేసి పెట్టిన కారు లోపల గంటలోపే 55, 60 డిగ్రీలు దాటుతుంది. ఆ కారులో ఏసీ సోకు అంటారా ఎవరైనా? మా నాన్న ఉన్నంతకాలం ఏసీ అంటే సోకనే అనేవాడు. ఈ మనుషుల్ని చూస్తే ఆ మాట అనేవాడు కాదు.

ఆ తమ్ముడి బండి మార్చి నెలలో వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. దగ్గర్లో ఉన్న షాపులో గ్యాస్ నింపారు. పదిహేను రోజులు బాగుంది. మళ్లీ నింపారు. మళ్లీ పన్నెండు రోజులు. మే వచ్చేసరికి మూడు చోట్ల కలిపి నాలుగుసార్లు నింపించాడు, ఆరేడు వేలు అయ్యాయి. నాలుగోసారి నింపినాయన "కంప్రెసర్ పోయింది, ఇరవై వేలవుతుంది" అన్నాడు. వీడు అప్పు కోసం తిరుగుతూ మా షెడ్డు ముందు నుంచి వెళ్తే, నా దగ్గర పనిచేసే కుర్రాడు గుర్తుపట్టి ఆపాడు.

ముందు నేనడిగింది, "ఎక్కడ లీకైందో ఎవరైనా చూపించారా?" అని. ఎవరూ చూపించలేదు. ఎవరూ వెతకలేదు.

వెతకడం ఎలాగో చెబుతాను, మీ ఎదురుగా జరుగుతున్నది అదో కాదో మీకు తెలియాలి కాబట్టి. గ్యాసు కంటికి కనపడదు. కానీ దానితోపాటే కంప్రెసర్‌కి కావలసిన నూనె కూడా తిరుగుతుంటుంది. గ్యాసు కారే చోట నూనె చెమ్మ చేరి, దాని మీద దుమ్ము పట్టి నల్లగా జిడ్డు మరక పడుతుంది. గొట్టాల జాయింట్లు, కంప్రెసర్ ముందు సీలు, కండెన్సర్ కింది మూలలు, గ్యాస్ పట్టే వాల్వులు, ఇవీ మామూలుగా కారే చోట్లు. మరక కనపడకపోతే నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి సబ్బునురగ రాస్తాం, బుడగ లేస్తుంది. సైకిలు ట్యూబుకి నీళ్లలో ముంచి చూసినట్టే. మేం పనిలో చేరిన రోజుల్లో మంట దీపం ఉండేది. లీకున్న చోటికి పెడితే మంట ఆకుపచ్చగా మారేది. చూడ్డానికి బాగుండేది కానీ ఆ గ్యాసు మంటలో కాలితే పుట్టే పొగ విషం. ఇప్పుడు ఎలక్ట్రానిక్ డిటెక్టర్లు వచ్చాయి, గ్యాసు వాసన తగిలితే 'కీచు' మంటాయి.

ఈ తమ్ముడి బండికి బయట ఎక్కడా బుడగ రాలేదు. కంప్రెసర్ పొడిగా ఉంది. అప్పుడు డిటెక్టరు ముక్కును, ఏసీ నీళ్లు కిందికి కారే గొట్టం దగ్గర పెట్టాను. కీచుమంది. అంటే డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ చిల్లి పడింది. ఎప్పుడూ తడిగా ఉండి, దుమ్ము పట్టి, అల్యూమినియం తినేసింది. నాలుగుసార్లు నింపిన గ్యాసూ ఆ దార్నే పోయింది.

డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, ఒక రోజు పని. ఎవరికీ ఇష్టముండదు ఆ పని. కాయిలు మార్చాం, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, డ్రయ్యరు, ఓ-రింగులన్నీ మార్చాం. డ్రయ్యరు ఎందుకంటే, సిస్టం విప్పినప్పుడల్లా గాలిలోని తేమ దాంట్లో చేరుతుంది. పోయిన నూనె కొలిచి పోశాం. ఇది చాలా ముఖ్యం. గ్యాసు పోయినప్పుడల్లా నూనె కొంచెం పోతుంది. నాలుగుసార్లు గ్యాసు మాత్రమే నింపి నూనె సంగతి చూడకపోతే, చివరికి కంప్రెసర్ ఎండిపోయి నిజంగానే పట్టేస్తుంది. ఇరవై వేల మాట అప్పుడు నిజమవుతుంది. తరవాత ముప్పావు గంట వాక్యూమ్ పట్టాం. వాక్యూమ్ అంటే గాలి తీయడం ఒక్కటే కాదు. గాలి లేనిచోట నీళ్లు మామూలు వేడికే మరిగి ఆవిరైపోతాయి, మిగిలిన తేమ అలా బయటికొస్తుంది. పంపు ఆపి ఇరవై నిమిషాలు ముల్లు చూశాం, కదల్లేదు. అప్పుడు త్రాసు మీద సిలిండరు పెట్టి, బానెట్ కింద స్టిక్కరు మీద రాసినన్ని గ్రాములు ఎక్కించాం.

గ్రాములు అన్నానని గమనించారా? గేజీలో ఒత్తిడి చూసి "ఫుల్లుగా ఉంది" అనేవాళ్లను నమ్మకండి. ఇంజను ఆగి ఉన్న బండికి గేజీ పెడితే, 30 డిగ్రీల వాతావరణంలో సుమారు 97 పౌండ్లు చూపిస్తుంది, 40 డిగ్రీలుంటే 130 పైన చూపిస్తుంది. లోపల వంద గ్రాముల గ్యాసున్నా అంతే, నాలుగు వందలున్నా ఇంచుమించు అంతే. ద్రవం కాస్త మిగిలి ఉన్నంతసేపూ ఒత్తిడి వేడిని బట్టే ఉంటుంది గానీ పరిమాణాన్ని బట్టి కాదు. ఎంత ఉందో చెప్పేది త్రాసొక్కటే. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుందనేది కూడా భ్రమ. కండెన్సర్ సగం ద్రవంతో నిండిపోయి వేడి పారబోయడానికి చోటుండదు, చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మూలుగుతుంది.

మొత్తం పదకొండు వేల చిల్లర అయ్యింది ఆ బండికి. రెండు వేసవులు దాటింది, మళ్లీ గ్యాస్ ఎక్కించలేదు. మొన్న గంట తాత ఆ కారులో మా షెడ్డు దగ్గర ఆగినప్పుడు పలకరించాను. "ఏం తాతా, చల్లగా ఉంటోందా?" అంటే, "చల్లదనం సరే గానీ అబ్బాయ్, దారంతా నీళ్లు గుర్తు రావట్లేదు" అన్నాడు.

నాలుగుసార్లు నింపినవాళ్లందరూ మోసగాళ్లని నేను అనను. వాళ్లూ నా తోటి పనివాళ్లే. కస్టమరు వచ్చి గడియారం చూసుకుంటూ "అరగంటలో అయిపోవాలి, ఎంత?" అంటాడు. లీకు వెతకాలి, రేపటిదాకా బండి ఉంచాలి అంటే "అక్కర్లేదు, ముందు గ్యాస్ కొట్టు" అంటాడు. అరగంట పని అడిగినవాడికి అరగంట పనే దొరుకుతుంది. కానీ కొందరు, గ్యాసు తక్కువైతే కంప్రెసర్‌ని కాపాడ్డానికి ఆపేసే ప్రెషరు స్విచ్చుంటుంది, దాన్ని వైరుముక్కతో డైరెక్టు చేసి పంపిస్తారు. అది మాత్రం తప్పు, నా ముందు ఎవరు చేసినా ఊరుకోను. వంటగ్యాసు నింపేవాళ్లు కూడా ఉన్నారు. చల్లబరుస్తుంది, నిజమే. కానీ కూలింగ్ కాయిల్ చిల్లి పడితే ఆ గ్యాసు నేరుగా మీ పిల్లలు కూర్చున్న చోటికే వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఎంత చవకైనా ఒప్పుకోకండి. లీకులు మూసే మందని డబ్బాల్లో అమ్మేది కూడా వద్దు, అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌నే మూసేస్తుంది.

ఆకాశం సంగతి ఒకటి చెప్పాలి. నేను పనిలోకి వెళ్లినప్పుడు అన్ని బళ్లలోనూ ఆర్-12 అనే గ్యాసు ఉండేది. అంబాసిడర్లకి డాష్‌బోర్డు కింద విడిగా పెట్టె బిగించే రోజులు. ఆ గ్యాసు పైకి పోయి ఓజోన్ పొరను తినేస్తోందని తేలాక 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. మన దేశం 1992లో చేరింది, 2010 నుంచి ఆ గ్యాసు పూర్తిగా బందైంది. దాని బదులు వచ్చిన ఆర్-134ఏ ఓజోన్ జోలికి పోదు గానీ భూమిని వేడెక్కిస్తుంది. ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కన 1,430 కిలోల కార్బన్ డయాక్సైడ్ కలిసినట్టు. ఆ తమ్ముడి బండిలోంచి నాలుగుసార్లు నాలుగేసి వందల గ్రాములు పోయిందనుకోండి, కిలోన్నర దాటింది. అంటే సుమారు వెయ్యి లీటర్ల పెట్రోలు కాల్చినంత. ఒక చిన్న కన్నంలోంచి, ఒక వేసవిలో. అందుకే 2016లో కిగాలీలో ఈ రకం గ్యాసుల్ని కూడా తగ్గించుకుందామని ఒప్పుకున్నారు. మనం 2021లో సంతకం ఖాయం చేశాం. మన దేశానికి లెక్క 2028 నుంచి మొదలవుతుంది. ఇప్పటికే కొన్ని బళ్లలో ఆర్-1234వైఎఫ్ అనే ఇంకో గ్యాసు వస్తోంది, దాని వేడి లెక్క చాలా చాలా తక్కువ, ఖరీదు మాత్రం ఎక్కువ. ఖరీదు పెరిగితే లీకులు వెతకడం దానంతటదే నేర్చుకుంటారేమో చూడాలి.

మా షెడ్డులో ఇప్పుడున్న నలుగురిలో ఇద్దరు మన బడి పిల్లలే. వాళ్లకు మొదటి రోజే చేతికిచ్చేది స్పానరు కాదు, కళ్లద్దాలు, గ్లౌజులు. ద్రవం రూపంలో ఉన్న గ్యాసు చిమ్మి కంట్లో పడితే కన్ను గడ్డకట్టిపోతుంది, చూపు పోవచ్చు. రెండో మాట, షెడ్డులో బీడీ సిగరెట్టు లేదు. మూడోది ఎలక్ట్రిక్ కార్ల గురించి. వాటిలో కంప్రెసర్ బెల్టు మీద కాదు, వందల వోల్టుల కరెంటు మీద తిరుగుతుంది. నారింజరంగు తీగలు కనిపిస్తే, నేర్పినవాడు పక్కన లేకుండా చెయ్యి పెట్టకూడదు. నూనె కూడా వేరు. మామూలు బండి నూనె దాంట్లో పోస్తే కరెంటును ఆపే గుణం చెడిపోతుంది. చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఇదే గ్యాసు. కాబట్టి ఇంటర్ తప్పిన పిల్లాడెవడైనా ఈ పని చిన్నదనుకుంటుంటే ఒకసారి మా దగ్గరికి పంపించండి. గుప్తోష్ణం, కరెంటు, రసాయనశాస్త్రం, అన్నీ ఉన్నాయిందులో.

మీరు మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు మూడు మాటలడగండి చాలు. లీకు ఎక్కడుందో చూపించు అనండి. వాక్యూమ్ ఎంతసేపు పట్టావు అనండి. ఎన్ని గ్రాములు ఎక్కించావో బిల్లు మీద రాయమనండి. పనోడైతే కోపం తెచ్చుకోడు, ఇంకా ఇష్టంగా చూపిస్తాడు. ఇంటికి వెళ్లేటప్పుడు ఎండలో ఉన్న బండి ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలన్నీ దించి నడపండి. లోపలి 60 డిగ్రీల గాలిని బయటికి పంపించడానికి ఏసీ ఎందుకు, కిటికీ చాలదూ? తర్వాత అద్దాలు ఎత్తి, లోపలి గాలే తిరిగే బొత్తాం నొక్కండి.

కార్యదర్శిగారు వాచీ చూస్తున్నారు. భోజనాలయ్యాక సైకిల్ స్టాండు పక్కన వేపచెట్టు కింద ఉంటాను, మా కుర్రాళ్లిద్దరూ వస్తున్నారు. వేడిగాలి కొట్టే బళ్లన్నీ అక్కడ పెట్టండి. గేజీలు తెచ్చాను, డిటెక్టరు తెచ్చాను, సబ్బునీళ్లు కలిపి పెట్టాను, కండెన్సర్లు కడగడానికి బోరు దగ్గర్నుంచి పైపు లాగమని వాచ్‌మన్‌కి చెప్పాను. సిలిండరు మాత్రం తీసుకురాలేదు.